బండి లైటు ఆరిపోతే

మన లైన్లలో ఇప్పుడు సైకిళ్ల కంటే బండ్లే ఎక్కువ. సెకండు షిఫ్టు దిగి ఇల్లు చేరాలన్నా, సెలవు నాడు ఊరికి పోవాలన్నా బండే దిక్కు. ఇంజిన్ సంగతి మనకు అంతో ఇంతో తెలుసు. కరెంటు మాటొస్తే మాత్రం "మనకెందుకప్పా, మెకానిక్కు చూసుకుంటాడు" అంటాం. రాత్రిపూట హైవే మీద మెకానిక్కు యాడ దొరుకుతాడు?

పోయిన చలికాలంలో చిక్కబళ్లాపురం నుంచి బాగేపల్లిలో మా అమ్మ దగ్గరికి బయల్దేరినాము. వెనక నా భార్య, మధ్యలో పాప. పేరేసంద్ర దాటినాక హెడ్‌లైటు ఠక్కున ఆరిపోయింది. వెనక నుంచి లారీలు. రోడ్డు పక్కకు దించి, ఇండికేటర్ వేసి, బండి తోసుకుంటూ టీ అంగడి దాకా నడిచినాము. పాప నా చొక్కా వదల్లేదు. ఆ రాత్రి అక్కడే కూర్చుని తెల్లారినాక కదిలినాము.

తర్వాత ఒక మెకానిక్కు వైరింగంతా మార్చాలన్నాడు. రెండు వేల పైమాట. ఆదివారం ఇంటి ముందరే చూద్దామని కూర్చున్నా. మా మిల్లులో దారం తెగితే మిషను మార్చం గదా, తెగిన కొన వెతుకుతాం. ఇదీ అంతే.

కావాల్సింది 12 వోల్టుల ఇండికేటర్ బల్బు ఒకటి, దానికి రెండు వైర్లు. హారన్ మోగుతోంది, ఇండికేటర్ వెలుగుతోంది. అంటే బ్యాటరీ, ఫ్యూజు బాగున్నట్టే. (పాత బండ్లలో చాలావాటికి హెడ్‌లైటు బ్యాటరీ నుంచి కాదు, నేరుగా ఇంజిన్ కాయిల్ నుంచి వెలుగుతుంది. వాటికి ఈ లెక్క కుదరదు.) హెడ్‌లైటు బల్బు కొత్తది వేసినా వెలగలేదు. ఇంజిన్ నడిపించి, నా బల్బు ఒక వైరు బ్యాటరీ మైనస్‌కు, రెండోది హెడ్‌లైటు సాకెట్‌కు ఆనించినా. వెలిగింది. కరెంటు వస్తోంది. ఇంక వెనక్కి పోయే దారి చూడాల. ఒక వైరు బ్యాటరీ ప్లస్‌కు, రెండోది సాకెట్ ఎర్తుకు పెడితే వెలగలేదు. నా భార్య హ్యాండిల్ ఎడమకు తిప్పింది. టక్కున వెలిగింది! నేరుగా పెడితే ఆరింది. హ్యాండిల్ మెడ దగ్గర వైరు రోజూ మడత పడీ పడీ, పైన ప్లాస్టిక్ బాగానే ఉండి లోపల రాగి తెగింది. ముందు బ్యాటరీ మైనస్ విప్పి, తెగినచోట కొత్త ముక్క అతికించి, సోల్డరింగ్ చేసి, స్లీవు తొడిగినా. హ్యాండిల్ తిరిగేదానికి కాస్త వదులు ఉంచినా. ఖర్చు వంద రూపాయలు కూడా కాలేదు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాల. చింతామణిలో మా బావమరిది ఫ్యూజు మాటిమాటికీ పోతోందని సిగరెట్ పాకెట్ రేకు చుట్టినాడు. ఫ్యూజు పోలేదు గానీ ట్యాంకు కింద వైర్లు కరిగి పొగ లేచింది. పెట్రోలు అంగుళం దూరంలోనే గదా! ఫ్యూజు మీద ఎన్ని ఆంపియర్లని ఉంటే అంతదే వేయండి. మళ్లీ పోయిందంటే వైరు ఎక్కడో ఒరుసుకొని బాడీకి తగుల్తోందని అర్థం. బ్యాటరీ కొనల మీద తెల్లపొడి పట్టింటే వైర్లు విప్పి, వంట సోడా నీళ్లతో తుడిచి, ఆరినాక బిగించి వ్యాజలీన్ రాయండి. ఏబీఎస్, ఫ్యూయల్ ఇంజెక్షన్ వైర్ల జోలికి మాత్రం ఈ బల్బుతో పోవద్దు. అవి షోరూంవాళ్లకే వదలండి.

2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు ఇంజిన్ నడిచినంత సేపూ హెడ్‌లైటు వెలుగుతూనే ఉండాలని రూలు. పగలు ఎండలో ఆరిపోయినా మనకు తెలీదు. అందుకే సాయంత్రం షిఫ్టుకు పోయే ముందర గోడకెదురుగా పెట్టి ఒకసారి చూసుకోండి. ఆ పని మా ఇంట్లో పాపదే. నా బల్బు, వైర్లు గూట్లోనే ఉంటాయి. కావాల్సినోళ్లు తీసుకుపోండి, పనైనాక తెచ్చి పెట్టండి.