నీటి జాడ తీసే న్యూట్రాన్

హైడ్రోజన్ కారు వెనక గొట్టం నుంచి వచ్చేది నీళ్లేనని గొప్పగా చెబుతారు. ఆ నీళ్లే లోపల ఫ్యూయల్ సెల్‌కు పెద్ద తలనొప్పి అన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. నేను చదివిన ఇంజనీరింగ్ పుస్తకంలోనూ నీరంటే బొమ్మ పక్కన బయటికి పోయే బాణం గుర్తే.

సెల్ నడుమ ఉండే పల్చటి పొర తడిగా ఉంటేనే ప్రోటాన్లు దాన్ని దాటతాయి. ఆరితే కరెంటు పడిపోతుంది. తడి ఎక్కువైతే సన్నని కాలువలు పూడి ఆక్సిజన్ అందదు. చలికి గడ్డకడితే బండి స్టార్టవడమే గండం. వరిమడికి నీళ్లు పెట్టి, తీసే రైతుకు ఈ తంటా కొత్త కాదు. కానీ ఆయన గట్టు మీద నిలబడి చూసుకోగలడు. ఇక్కడి మడి లోహపు పలకల మధ్య బిగించి ఉంటుంది.

అమెరికాలోని గైథర్స్‌బర్గ్‌లో నిస్ట్ సంస్థ రియాక్టర్ దగ్గర తీసిన చిత్రాలు చూశాక నాకు ఆ బాణం మీద నమ్మకం పోయింది. న్యూట్రాన్లు అల్యూమినియం గుండా దాదాపు అడ్డు లేకుండా దూసుకుపోతాయి, నీటిలోని హైడ్రోజన్ తగిలితే చెదిరిపోతాయి. అలా నడుస్తున్న సెల్‌లోని నీటి నీడ తెర మీద పడుతుంది. బొట్లు కాలువ మలుపుల్లో పేరుకుంటాయి, గాలి తోస్తే కదులుతాయి, మళ్లీ చేరతాయి. జనరల్ మోటార్స్ ఇంజనీర్లు కూడా అక్కడ పరీక్షలు చేశారు.

కాలుష్యం లేని కారు కడుపులోకి చూడాలంటే అణు రియాక్టర్ కావాలి! 2021 ఫిబ్రవరిలో ఇంధనం దెబ్బతినడంతో ఆ రియాక్టర్ 2023 దాకా మూతపడింది. సింక్రోట్రాన్ ఎక్స్‌రేలు ఇంకా సూక్ష్మంగా చూపిస్తాయి. అయితే ఎక్కువసేపు పడితే చూడాల్సిన పొరనే పాడుచేస్తాయి.