ముందు పైపు, తర్వాతే ప్లాను

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లని గమనించండి. బాత్‌రూం టైల్స్ కోసం నాలుగు షాపులు తిరుగుతారు. వాస్తు కోసం మెట్లని అటునుంచి ఇటు మారుస్తారు. సంపు ఎక్కడ, మోటరు ఎక్కడ, గీజర్ పాయింటు ఎక్కడ, ఏసీ నీళ్లు ఎటు పోవాలి... అన్నీ ముందే ఆలోచిస్తారు. ఇంటర్నెట్ మాత్రం గృహప్రవేశం అయ్యాక గుర్తొస్తుంది. అప్పుడు ఒక కుర్రాడు డ్రిల్లింగ్ మిషన్ పట్టుకుని వస్తాడు. కొత్త రంగు వేసిన గోడకి ఎక్కడ వీలైతే అక్కడ కన్నం పెడతాడు, లేదంటే కిటికీ సందులోంచి వైరు లోపలికి లాగేస్తాడు. ఆ కిటికీ ఇంక జన్మలో పూర్తిగా మూసుకోదు. మనకి నెలనెలా బిల్లు, దోమలకి మాత్రం లైఫ్‌టైం ఫ్రీ :)

మా ఇంట్లో అలా జరక్కూడదని నేను పట్టుబట్టడానికి ఒక కారణం ఉంది. నాన్న పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో 31 ఏళ్లు షిఫ్టుల్లో పనిచేసి రిటైరయ్యారు. ఇన్నేళ్లూ అద్దె ఇళ్లే. ఇప్పుడు సంగారెడ్డిలో, పోతిరెడ్డిపల్లి చౌరస్తాకి కాస్త లోపల, ఎప్పుడో కొన్న ప్లాటులో ఇల్లు కడుతున్నారు. నేను కొండాపూర్‌లో ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి అద్దెకుంటున్నాను. ఆఫీసుకి వారానికి రెండు రోజులు వెళ్తే చాలు. మిగతా రోజులు ఎక్కడ కూర్చుని పనిచేసినా ఎవరూ అడగరు. ఒక్కటే షరతు, ఆన్‌కాల్ వారంలో రాత్రి రెండింటికి అలర్ట్ వచ్చినా పది నిమిషాల్లో లైన్లో ఉండాలి.

పోయినేడు అమ్మకి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు ఒక నెల వాళ్ల దగ్గరే ఉండి, ఇస్నాపూర్‌లోని అద్దె ఇంట్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేశాను. పొద్దున బాగానే ఉండేది. సాయంత్రం షిఫ్టు వదిలాక, చుట్టుపక్కల గదుల్లో ఉండే కార్మికులందరూ బీహార్‌కో ఒడిశాకో వీడియో కాల్ చేసుకునే టైముకి నెట్ చతికిలబడేది. వాళ్లని అనడానికేముంది, వాళ్లూ ఇంటికి మాట్లాడుకోవాలిగా. సరిగ్గా అదే టైముకి మా అమెరికా వాళ్ల కాల్స్. మూడో వారంలో మా లీడ్ చాలా మర్యాదగా "ప్రస్తుతానికి ఆన్‌కాల్ ఇంకొకరికి ఇద్దాం, నువ్వు సెటిలయ్యాక చూద్దాం" అన్నాడు. మన ఫీల్డులో ఆ మర్యాదకి అర్థమేంటో మీకు చెప్పక్కర్లేదు. అమ్మానాన్నల దగ్గర ఉండి ఈ ఉద్యోగం చెయ్యగలనా లేదా అన్నది చివరికి వెంట్రుకంత గాజు తీగ మీదికి వచ్చింది.

సరే, అసలు విషయానికొస్తాను. 'ముందు పైపు' అనే ఈ ఆలోచన నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం ఊరూరా తవ్వినప్పుడు, ఎలాగూ తవ్వుతున్నాం కదా అని ఫైబర్‌కి కావలసిన డక్టు కూడా అదే కందకంలో వేశారు. టీ-ఫైబర్ ప్రాజెక్టుకి పునాది అదే. ఆంధ్రప్రదేశ్ ఇంకో దారి పట్టింది. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, 2017 డిసెంబర్‌లో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ప్రారంభించి, నెలకి 149 రూపాయలకి నెట్, టీవీ, ఫోన్ మూడూ ఇస్తామంది. స్తంభాల దారి ఇళ్లని త్వరగా చేరింది. కందకం దారిలో ఇళ్లకి పైలట్‌గా ఇవ్వడం 2024 డిసెంబర్‌లో మొదలైంది. ఆ మొదటి నాలుగు ఊళ్లలో మా జిల్లాలోని సంగుపేట ఒకటి.

ఎవరిది గొప్ప అని తగువు పెట్టుకోకండి. నాకు దీంట్లో రెండు సంగతులు కనిపిస్తాయి. ఒకటి, తవ్వినప్పుడే పైపు వెయ్యడం చవక. రెండు, పైపు వేసినంత మాత్రాన నెట్ వచ్చినట్టు కాదు. ఈ రెండూ మన ఇంటికీ వర్తిస్తాయి.

ఇంకో తమాషా చూడండి. పాత ఇళ్లలో ఫోను కోసం హాల్లో ఒక పాయింటు ఉండేది. 2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ 256 కేబీపీఎస్‌తో వచ్చినప్పుడు, ఫోనున్న ఇంటికి కొత్త వైరు లాగే పనే లేదు. ల్యాండ్‌లైను రాగి తీగ మీదే నెట్ కూడా వచ్చేసింది. తర్వాత అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాయి. ల్యాండ్‌లైన్ ఎవరికి కావాలని మేస్త్రీలు, ఎలక్ట్రీషియన్లు ఆ పైపు వెయ్యడమే మానేశారు. ఇప్పుడు దానికంటే వెయ్యి రెట్లు వేగంగా వచ్చే తీగకి ఇంట్లోకి దారే లేదు.

ఇంట్లో ఆ దారి వెయ్యడానికి టైము ఒకటే. స్లాబుకి ముందు సెంట్రింగ్ మీద కరెంటు పైపులు పరిచేటప్పుడు, ఆ తర్వాత గోడలకి గాడి కొట్టేటప్పుడు. ప్లాస్టరింగ్ అయిపోయిందంటే మళ్లీ ఉలి, సుత్తి, దుమ్ము, అమ్మ కోపం.

నేను అడిగింది బయట గోడ నుంచి హాలు దాకా 25 మిల్లీమీటర్ల పైపు ఒకటి. మా ఎలక్ట్రీషియన్ నవ్వాడు. నాన్న అడిగేశారు.

"గంత పైపెందుకు బిడ్డా? వైరు అగ్గిపుల్లంత లేదు. కరెంటు పైపులనే ఏసెయ్యరాదా?"

న్యాయమైన ప్రశ్నే. జవాబులు మీకూ పనికొస్తాయి. వైరు సన్నమే కానీ, కనెక్టర్ తల ముందే బిగించి ఉన్న తీగ లాగాలంటే ఆ తల దూరాలి. రేపు ఇంకో కంపెనీకి మారితే రెండో తీగ కూడా అందులోంచే పోవాలి. ఇక కరెంటు పైపు సంగతి. గాజులో వెళ్లేది వెలుతురు కాబట్టి పక్కన కరెంటు ఉన్నా సిగ్నల్‌కి ఏమీ కాదు. కానీ తీగ మార్చడానికి వచ్చిన కుర్రాడు 230 వోల్టుల వైర్లున్న పైపులో చెయ్యి పెట్టకూడదు కదా. పైగా ఇంటి లోపల గదులకి వెళ్లే ల్యాన్ వైరు రాగిది, దానికి కరెంటు వైర్ల పక్కన ఉంటే గోల తప్పదు. అందుకని వేరే పైపే.

మలుపుల దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఫైబర్‌ని మడిస్తే వెలుతురు పక్కకి కారిపోతుంది. పాత రకం ఫైబర్‌కి వంపు వ్యాసార్థం 30 మిల్లీమీటర్లయినా ఉండాలి. ఇళ్ల కోసం వచ్చిన జి.657.ఏ2 రకం 7.5 మిల్లీమీటర్ల దాకా తట్టుకుంటుంది. మన ఇంటికి ఏ రకం వస్తుందో ముందు తెలీదు కాబట్టి, నిటారుగా తిరిగే ఎల్బోలు వద్దని, పైపుని వెడల్పుగా వంచమని చెప్పాను. పైపు ఖాళీగా వదిలెయ్యకుండా లోపల ఒక తీగ వేసి రెండు కొసలూ బయటికి ఉంచమన్నాను. రేపు ఫైబర్ లాగేది దానికి కట్టే.

పెట్టె ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. మామూలుగా వైరు ఎటునుంచి వస్తే ఆ మూలనే పెట్టేసి పోతారు. అప్పుడు వైఫైలో సగం పక్కింటి వాళ్లకి. అందుకని ఇంటి మధ్యలో, హాలుకీ మెట్లకీ దగ్గర, ఛాతీ ఎత్తులో చోటు పెట్టాం. ఇనప డబ్బాలో, టీవీ వెనక, ఫ్రిజ్ పక్కన పెట్టొద్దు. 5 గిగాహెర్ట్జ్ వైఫై స్లాబు దాటడానికి నానా అవస్థ పడుతుంది. కాబట్టి అక్కణ్నుంచి పై గదికి రెండు క్యాట్6 వైర్లు గోడలోనే వేయించాను. కొనేటప్పుడు అసలు రాగిదేనా అని అడగండి, అల్యూమినియంకి రాగి పూత పూసినవి కూడా అమ్ముతున్నారు.

పెట్టె పక్కనే రెండు ప్లగ్గులు, ఇన్వర్టర్ లైనులోంచి. ఇది మర్చిపోకండి. మీ ఇంటి ఫైబర్ జీపాన్ పద్ధతిలో వచ్చేదయితే, కంపెనీ దగ్గర బయల్దేరిన ఒకే ఫైబర్‌ని దారిలో 32కో 64కో చీల్చి ఇళ్లకిస్తారు. ఆ చీల్చే స్ప్లిట్టర్‌కి కరెంటే అక్కర్లేదు. ఒకప్పుడు కేబుల్ నెట్ వాళ్లు ఎవరింటి మీదో స్విచ్ పెట్టేవాళ్లు, ఆ ఇంట్లో కరెంటు పోతే వీధంతా నెట్ పోయేది. ఇప్పుడలా కాదు. కంపెనీ దగ్గర పవర్ ఉండి, మన పెట్టె వెలుగుతూ ఉంటే వీధంతా చీకటైనా కాల్ నడుస్తుంది. ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో పెట్టె రీస్టార్ట్ అవుతుంటే, ఒక చిన్న డీసీ యూపీఎస్ చాలు.

ఇంట్లో సంగతి సరే, బయట? ఇక్కడే నాకు మనసు కుదరడం లేదు. మా కాలనీ మలుపు దాకా రెండు కంపెనీల ఫైబర్ వచ్చి ఉంది. రెండూ కరెంటు స్తంభం మీదుగానే. పాశమైలారం రోడ్డు మీద కంటైనర్ లారీలు తిరిగే చోట కిందికి వేలాడే వైర్లని మీరూ చూసే ఉంటారు. కాలనీల్లో అయితే కోతుల ఉయ్యాల.

2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సిబ్బంది నగరంలో స్తంభాలకి వేలాడే కేబుళ్లని కత్తిరించడం మొదలుపెట్టారు. చాలా ఇళ్లలో నెట్ పోయింది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. వర్క్ ఫ్రమ్ హోం వాళ్లందరూ గగ్గోలు పెట్టారు. నాకూ చికాకేసింది. కానీ ఐదు ప్రాణాల ముందు మన స్టాండప్ కాల్ ఏపాటిది? గాజులో కరెంటు పారదు, నిజమే. కానీ ఆ గాజుకి బలం కోసం పక్కన పెట్టే స్టీలు తీగలో పారుతుంది. కరెంటు వైరు దాని మీద పడితే అది మన ఇంటి గోడ దాకా దారి చూపిస్తుంది. అందుకే ఇంటికి లాగే డ్రాప్ కేబుల్‌లో స్టీలు లేకుండా ఫైబర్‌గ్లాస్ పుల్లలు ఉన్నది అడగండి. పిడుగుల రోజుల్లోనూ అదే మేలు.

మా మటుకు ప్రహరీ నుంచి ఇంటి గోడ దాకా భూమిలో ఒక పైపు వేయించాం. లోపలికి దూరే చోట పైపు బయటివైపుకి కాస్త వాలుగా ఉంటే వాన నీళ్లు లోపలికి రావు. రేపు కాలనీలో ఎవరైనా భూమిలోంచి తెస్తే మా గేటు దగ్గర దారి సిద్ధం. తేకపోతే స్తంభం నుంచి గేటు దాకానే గాల్లో. మన చేతిలో ఉన్నది అంతవరకే.

కనెక్షన్ ఇచ్చిన రోజు ఇంకో పని చెయ్యండి. స్పీడ్ టెస్ట్ చూసి మురిసిపోకుండా, ఆ కుర్రాడి మీటర్‌లో లైటు పవర్ ఎంతుందో అడిగి రాసుకోండి. మామూలు జీపాన్ పెట్టెకి మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం మధ్య అందాలి. మైనస్ 26 దగ్గర ఉంటే ఈ రోజు బాగానే నడుస్తుంది, ఇంకో అతుకు పడ్డ రోజు ఎర్ర లైటు. ఆ అంకె మన దగ్గరుంటే రేపు కంప్లైంటు చేసినప్పుడు "మీ రూటర్ రీస్టార్ట్ చెయ్యండి సార్" అనే మాటకి జవాబు ఉంటుంది.

ట్రాయ్ 2024 అక్టోబర్‌లో భవనాలకి డిజిటల్ కనెక్టివిటీ రేటింగ్ ఇవ్వడానికి నిబంధనలు తెచ్చింది. ఫ్రిజ్‌కి నక్షత్రాలున్నట్టే ఇంటికీనన్నమాట. పెద్ద అపార్ట్‌మెంట్లకి, ఆఫీసులకి మంచిదే. కానీ 150 గజాల్లో సొంతిల్లు కట్టుకునే రిటైరైన కార్మికుడి దగ్గరికి ఏ రేటింగూ రాదు. ఆయనకి రేటింగ్ ఏజెన్సీ మనమే. మనం చదువుకున్నది ఆయన ఓవర్‌టైం డబ్బులతో, కనీసం పైపు ఎక్కడ వెయ్యాలో చెప్పలేమా?

పైపులు, బాక్సులు, క్యాట్6 వైరు అన్నీ కలిపి మాకు పదకొండు వేలు దాటలేదు. నాన్న ప్రతి బిల్లునీ ఒక పాత నోటుబుక్కులో రాస్తారు. సిమెంటు, స్టీలు, ఇసుక, కూలీ అని పద్దులు. దీన్ని ఏ పద్దులో రాశారా అని మొన్న చూశాను. కరెంటు కిందా రాయలేదు, ప్లంబింగ్ కిందా రాయలేదు. వేరే లైను కొట్టి, "పోరడు ఇంటికొచ్చే పైపు" అని రాసుకున్నారు.

ఫైబర్ ఇంకా రాలేదు. ప్లాస్టరింగ్ నడుస్తోంది. మీ ఊళ్లో, సిద్దిపేటలోనో ఖమ్మంలోనో తెనాలిలోనో, మీవాళ్లు ఇల్లు కడుతుంటే ఈ రోజే ఒక ఫోన్ చెయ్యండి. స్లాబు ఎప్పుడు వేస్తున్నారో కనుక్కోండి.