మా గుట్ట మీద మంచెందుకు?

మంచుకొండలంటే నాకు ఒళ్ళుమంట. హిమాలయాల మీద కోపం కాదు, అవి వాటి చోట అవి ఉన్నాయి. నా కోపమంతా బొమ్మల్లోని మంచుకొండల మీద. కంప్యూటర్లోనో ఫోన్లోనో మాయలోకం బొమ్మ వేయడానికి కూచున్న ప్రతి పిల్లగాడూ ముందుగా చేసే పని ఒక మంచుకొండను నిలబెట్టడం. దాని భుజాన సూదిమొన బురుజుల కోట. కోట చుట్టూ తిరిగే డ్రాగన్. ముందువైపు, లోయ అంచున, ముసుగేసుకుని, చేత కర్ర పట్టుకుని, మనకు వీపు చూపిస్తూ ఒకడు. వాడెవడో, ఎటు పోవాలనుకుంటున్నాడో బొమ్మ వేసినవాడికీ తెలియదు. అటు తిరిగి నిలబడితే ముఖం గీసే శ్రమ తప్పుతుందని మాత్రం తెలుసు.

మా మేనల్లుడూ ఇవే వేస్తాడు. పుట్టింది మెదక్‌లో, పెరిగింది మెదక్‌లో. మే నెల మిట్టమధ్యాహ్నం బస్టాండు దాకా నడిస్తే చెప్పుల్లోంచి అరికాలు చురుక్కుమనే ఊరు. వాడు మంచును చూసింది ఫ్రిజ్ పైఅరలోనే. అయినా ఎండ తగిలే వైపు మంచు ఎంత తెల్లగా ఉండాలో, నీడ వైపు ఎంత నీలంగా ఉండాలో వాడికి తెలుసు. ఎట్లా తెలుసురా అంటే, “అందరు గట్లనే వేస్తరు మామా” అన్నాడు. నాకు మండింది అక్కడే.

పనితనంలో వాడికి వంక పెట్టలేను. మొదట్లో వాళ్ళమ్మ ఫోన్ మీద, ఐబిస్ పెయింట్ అనే యాప్‌లో, చూపుడువేలితో వేసేవాడు. ఇప్పుడు పెన్ ట్యాబ్లెట్ కొనుక్కున్నాడు. అరచేతి చెమటకు చెయ్యి దాని మీద జరగదని పాత సాక్సును కోసి, చిటికెన వేలూ ఉంగరం వేలూ మాత్రమే లోపల ఉండేట్టు తొడుక్కుంటాడు. ముందే రంగుల జోలికి పోడు. నలుపు, తెలుపు, బూడిద, ఈ మూడింటితో వెలుగెక్కడ, చీకటెక్కడ అని తేల్చుకుంటాడు. దాని మీద ఒక లేయర్, ఆపైన ఇంకో లేయర్. రంగు పడేది ఆ తర్వాతే. గీత నచ్చకపోతే అన్‌డూ నొక్కుతాడు. మళ్ళీ గీత, మళ్ళీ అన్‌డూ. ఇండియన్ ఇంకు ఒలికితే ఆ కాగితంతో పాటు ఆ పూటే పోయిన కాలంవాణ్ణి, చూస్తుంటే కడుపు మండుతుంది. మధ్యమధ్యలో బొమ్మ మొత్తాన్ని అద్దంలో చూసినట్టు ఎడమకు కుడికి తిప్పేస్తాడు. అట్లా తిప్పగానే అప్పటిదాకా కంటపడని వంకరలన్నీ పట్టుబడతాయి. ఇంత తెలిసినవాడు కొండ దగ్గరకు వచ్చేసరికి ఎవరిదో కొండ ఎత్తుకొస్తాడు.

చూసి వేయడం తప్పని నేననను. వడ్డాది పాపయ్య గారు 1921లో శ్రీకాకుళంలో, డ్రాయింగ్ మాస్టారి ఇంట్లో పుట్టారు. చిన్ననాడు ఆయన కళ్ళు తెరిపించింది రవివర్మ బొమ్మలే. అక్కడే ఆగిపోయి ఉంటే రవివర్మ క్యాలెండర్లకు ఇంకొక నకలు మిగిలేది. ఆగలేదు. చందమామ, యువ పత్రికల ముఖచిత్రాల నాటికి ఆ గులాబీలూ, ఆ నీలాలూ, ఆ సాగిన కళ్ళూ చూస్తే చాలు, మూలన ఉన్న వ.పా. అనే సంతకంతో పని లేకుండా పోయింది. రవివర్మ ఎక్కడికి పోయాడంటే ఎక్కడికీ పోలేదు, అడుగున ఉన్నాడు. మావాడి భాషలో చెప్తే కింది లేయర్.

అసలు ఈ మంచుకొండ ఎవరిదో వాడికి చెప్పాను. 1911 ఎండాకాలంలో టోల్కీన్ అనే ఇంగ్లండు కుర్రాడు స్విట్జర్లాండులో కాలినడకన తిరిగాడు. తర్వాత ప్రొఫెసరై కథలు రాసినప్పుడు ఆ ఆల్ప్స్ కొండలూ లోయలూ కథలోకి నడిచొచ్చాయి. ఆయన తను చూసిన కొండనే రాసుకున్నాడు, తప్పేముంది? తర్వాతివాళ్ళు ఆయన చూసిన కొండనే చూడటం మొదలుపెట్టారు, తప్పంతా అదే. ఆ కథలకు బొమ్మలు వేసి, సినిమాకు ఊహాచిత్రాలు గీసి, 2004లో ఆస్కార్‌లో వాటా అందుకున్న అలన్ లీ ఎక్కడుంటాడో తెలుసా? ఇంగ్లండులో డార్ట్‌మూర్ అంచున. డార్ట్‌మూర్‌లో ఉన్నదేమిటి? మంచు కాదు, గ్రానైట్ రాళ్ళు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే బండల దొంతరలు. అచ్చం మన గుట్టలే. ఇది తెలిసిన రోజు నాకు కలిగిన ఆనందం ఇంట్లో ఎవరితో పంచుకోవాలో తెలియలేదు.

“మనకు గసొంటి కథలు యాడున్నయి మామా” అన్నాడు వాడు. వాడి తప్పు కాదు. వాడికి ఊహ తెలిసేసరికి చందమామ మూతబడింది. 1947 జూలైలో మొదలైన పత్రిక అది. నాగిరెడ్డి, చక్రపాణి దాన్ని పిల్లల కోసమని పెట్టారు గాని, మా ఇంట్లో ముందు చదివేది మా నాయన. దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి రాసిన సీరియళ్ళ పేర్లు ఒకసారి పైకి అనుకోండి: రాకాసి లోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతి రథం, యక్షపర్వతం. పేర్లలోనే రాయి, లోయ, కోట. వాటికి బొమ్మలు వేసినవారు చిత్ర. అసలు పేరు టి.వి. రాఘవన్.

చిత్ర గురించి మొదలుపెడితే నన్ను ఆపడం కష్టం. చందమామలోనే వేసిన శంకర్ గారి బొమ్మలు దేశమంతటికీ తెలుసు. భుజాన శవం, చేత కత్తి, శ్మశానంలో నడిచే విక్రమార్కుడు ఆయనవాడే. ఆయన చనిపోయాక 2021లో పద్మశ్రీ కూడా వచ్చింది. చిత్రకు అంత పేరు రాలేదు. నా మటుకు నాకు మాయలోకం అంటే చిత్రే. శంకర్ బొమ్మలో నగ నగలా, పంచె పంచెలా, ఏ అంచు ఎక్కడ మడత పడాలో అక్కడే పడుతుంది. చిత్ర బొమ్మలో చెట్టు కొంచెం మనిషిలా, మనిషి కొంచెం చెట్టులా ఉంటాడు. ఆయన రాక్షసుణ్ణి చూస్తే భయం వేయదు, వీడు రాత్రి ఏం తిని పడుకుంటాడో అనిపిస్తుంది. ఇప్పటి డ్రాగన్‌ను చూస్తే ఎప్పుడన్నా అట్లా అనిపించిందా? పొలుసు పొలుసుకూ మెరుపు, కోర కోరకూ పదును, అది రాత్రి తిన్నా తినకపోయినా మనకు పట్టదు. వివరం ఎక్కువైతే బొమ్మలో ప్రాణం పెరుగుతుందనుకోవడం ఈ కాలపు జబ్బు. తెరను రెండు వేళ్ళతో ఎంత పెద్దది చేసినా ఇంకా వివరం దొరుకుతుంటే వేసేవాడికి ఆగడం తెలియదు. చిత్రకు ఉన్నది పత్రిక పుటలో ఓ మూల. ఆగక తప్పలేదు. నెల నెలా అంత పని చేసిన మనిషిని తలుచుకునేవాళ్ళు చందమామ పిచ్చివాళ్ళు తప్ప ఎవరున్నారు?

మా మేనల్లుణ్ణి మార్చింది నా ఉపన్యాసం కాదు, చర్చి. మెదక్‌కు వచ్చినవాళ్ళంతా చూసే చర్చే. పాస్నెట్ అనే మిషనరీ దొర పూనుకుని 1914లో మొదలుపెట్టించి, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేయించింది. 175 అడుగుల గోపురం ముందు ఫొటో దిగి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. చూడాల్సింది లోపలి గాజు కిటికీలను. మూడూ ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసినవి. రాజులకూ రాణులకూ నిలువెత్తు బొమ్మలు వేసిన పెద్దమనిషి, కాని పదిహేనో ఏట పనికి కుదిరింది తన అన్న గాజు కిటికీల కార్ఖానాలో. క్రీస్తు స్వర్గారోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో వచ్చాయి. మబ్బు కమ్మితే ఆ రంగులు కుంగిపోతాయి, ఎండ రాగానే లేస్తాయి. పొద్దు గుంకాక లోపలికి పోతే బొమ్మే ఉండదు, నల్లటి గాజు ఉంటుంది.

వాణ్ణి అక్కడ కూచోబెట్టాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆఖరికి, “మామా, ఇది నా స్క్రీన్ లెక్కనే ఉంది, వెనుక నుంచి ఎలుగు” అన్నాడు. నాకు తట్టని మాట అది. కాగితం మీది రంగు పైన పడ్డ వెలుగును మనకు తిప్పి పంపుతుంది. గాజుది అట్లా కాదు, వెలుగు దానిలోంచే దూరి వస్తుంది. తెర కూడా తన వెలుగు తనే ఇస్తుంది. అంటే డిజిటల్ చిత్రకారుడికి దగ్గరి చుట్టం కాన్వాసు మీద నూనెరంగులు వేసేవాడు కాదు, గాజు మీద వేసేవాడు. వాడింకొకటి కూడా పట్టాడు. గాజు ముక్కల మధ్య సీసపు పట్టీలు నల్లగా ఉండబట్టే పక్కన ఎరుపు అంత ఎరుపుగా ఉందని. ఆ తర్వాత వాడి బొమ్మల్లో లావుపాటి నల్ల గీత వచ్చింది. మెరుపులు తగ్గాయి. డ్రాగన్ కొన్నాళ్ళు ఉండి అదీ పోయింది. దాని చోట రెండు తలల పక్షి దిగింది. మా ఊరి గుట్ట మీది ఖిల్లా ద్వారంపై ఉన్న గండభేరుండం. కాకతీయుల నాటి నుంచి అది అక్కడే ఉంది, మావాడు రోజూ దాని కింది వీధుల్లోనే బండి మీద తిరిగేవాడు.

ఇప్పుడు వాడేం చూపించినా చుట్టాలు అడిగేది ఒకటే మాట, “ఏఐనా?” అని. పోలండ్‌లో గ్రెగ్ రుట్‌కోవ్‌స్కీ అని డ్రాగన్ల బొమ్మల్లో చెయ్యి తిరిగిన చిత్రకారుడున్నాడు. 2022లో బొమ్మలు పుట్టించే ఏఐలు వచ్చాక జనం తమకు కావలసింది టైపు చేసి, పక్కన ఆయన పేరు తగిలించడం మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి సంపాదించుకున్న శైలి, ఆయన్ను అడగకుండానే అందరి ఆజ్ఞల్లో ఒక మాటైపోయింది. ఆ డిసెంబర్లో ఆర్ట్‌స్టేషన్ అనే బొమ్మల సైటులో చిత్రకారులు ఏఐ మీద నిరసన బొమ్మలు పెట్టారు. నాకు సాంకేతికం తెలియదు గాని ఒకటి గమనించాను. ఆ ఏఐని మాయలోకపు కొండ వేయమంటే అదీ మంచుకొండే వేస్తుంది. అందరు గట్లనే వేస్తరు కదా.

మా రాళ్ళ సంగతి చెప్పనివ్వండి. ఇవి దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్. హిమాలయాలు లేవడం మొదలై 5 కోట్ల ఏళ్ళు, ఆ లెక్కన అవి నిన్నమొన్నటివి. మా రాళ్ళు భూమి లోపల, చాలా లోతున గడ్డకట్టాయి. మీది మన్నంతా కరిగిపోయి బరువు తగ్గేసరికి నిలువునా అడ్డంగా పగుళ్ళిచ్చాయి. పగుళ్ళలోకి నీళ్ళు దిగి మూలలు తిన్నాయి, మధ్యలో మన్ను కొట్టుకుపోయింది, గుండ్లు మిగిలాయి. ఏనుగంత గుండు కింద గుమ్మడికాయంత రాయి. ఎవరూ ఎత్తి పెట్టలేదు, ఎవరు తోసినా పడదు. ఖిల్లా కట్టినవాళ్ళకు ఇది తెలుసు. బండ ఉన్నచోట బండనే గోడ చేసుకున్నారు, లేనిచోట కట్టారు. సింహద్వారం దాటి పైకి పోయేటప్పుడు కొన్నిచోట్ల ఏది కొండో ఏది కోటో చేత్తో తడిమితే గాని తెలియదు. సాయంత్రం ఎండకు ఆ గుండ్లు తేనెరంగుకొస్తాయి, వానకు తడిస్తే ఏనుగు తోలు రంగు. ఇంతకన్నా మాయలోకం ఎవరికి కావాలి?

మా బడిలో ఒక డ్రాయింగ్ సారు ఉండేవాడు. పేరెందుకు. సీనరీ వేయమనేవాడు. సీనరీ అంటే రెండు ముక్కోణాలు, మధ్యలో సగం సూర్యుడు, అక్కణ్ణుంచి పారే ఏరు, పక్కన గుడిసె, గుడిసెకు ఆనుకుని కొబ్బరిచెట్టు. మెదక్‌లో తాళ్ళున్నాయి, ఈదులున్నాయి, గుట్ట నిండా సీతాఫలం చెట్లున్నాయి. ఆ సారుకు మాత్రం కొబ్బరిచెట్టే కావాలి. మా తరగతి కిటికీలోంచి ఖిల్లా గుట్ట కనిపించేది. నేను దాన్ని చూసి గుండు మీద గుండు వేశాను. సారు ఎర్ర పెన్సిల్‌తో అడ్డంగా ఒక గీత కొట్టి, “కొండలు గిట్లుంటయార? ఇవి ఆలుగడ్డలా?” అన్నాడు. తరగతి నవ్వింది. నా పక్కవాడు ముక్కోణాలు స్కేలుతో వేసి నాకన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. స్కేలుతో! కొండను స్కేలుతో వేసినవాడికి మార్కులిచ్చిన దేశంలో పిల్లలు మంచుకొండలు వేస్తున్నారని ఇప్పుడు ఏడిస్తే ఏం లాభం? ఆ సారు మంచివాడేనని మా బ్యాచ్‌వాళ్ళు అంటారు. ఉండనీ. కొబ్బరిచెట్టును నేను క్షమించను.

ఊరి చుట్టూ గుట్టలు ఎన్నాళ్ళుంటాయో చెప్పలేం. రామాయంపేట దిక్కు బస్సెక్కితే సగం కోసిన గుట్టలు కనిపిస్తాయి. కోసిన మొహం నున్నగా, చదరంగా, ఆ సారు స్కేలు పెట్టి గీసినట్టు. కంకరైనవి కొన్ని, వంటింటి గట్లయినవి కొన్ని. హైదరాబాద్‌లో 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంఘం ఈ రాళ్ళ కోసం అడుగుతూనే ఉంది. ఇల్లు కట్టుకోవద్దని ఎవరనగలరు? నా ఇంటి గడపా గ్రానైటే. కాని పుట్టి 250 కోట్ల ఏళ్ళయినదాన్ని మందుగుండు పెట్టి ఒక్క పూటలో లేపేస్తుంటే, కనీసం అది ఎట్లా ఉండేదో ఎవరో ఒకరు గీసి పెట్టాలి గదా.

అందుకే మెదక్‌లో డ్రాయింగ్ చెప్పే సార్లకూ మేడమ్‌లకూ ఒక మనవి. పరీక్షలో సీనరీ ఇచ్చినప్పుడు పిల్లలను కిటికీ వైపు తిప్పి కూచోబెట్టండి. గుండు మీద గుండు వేసినవాళ్ళకు వంకరగా ఉన్నా సరే మార్కులు వేయండి. కొబ్బరిచెట్టు వేసినవాళ్ళకు ఒక మార్కు తగ్గించండి.