ఈ పేరు ఎవరిది?

మాక్రో అంటే మన తరఫున కోడ్ రాసే కోడ్. అది పెట్టిన పేరూ మనం పెట్టిన పేరూ ఒకటే అయితే? సి భాషలో రెండు విలువల్ని తారుమారు చేసే స్వాప్ మాక్రో లోపల ‘టెంప్’ అనే వేరియబుల్ పెట్టుకుంటారు. వాడేవాళ్ల వేరియబుల్ కూడా ‘టెంప్’ అయితే రెండూ కలిసిపోతాయి. చాలాసార్లు ఎర్రర్ కూడా రాదు, జవాబే తప్పొస్తుంది.

ఊళ్లో ఇద్దరు శ్రీనులుంటే ఇంటిపేరు అడుగుతాం కదా, మాక్రో హైజీన్ చేసేది అదే. పేరు ఎక్కడ పుట్టిందో గుర్తుపెట్టుకుంటుంది. 1986లో కోల్‌బెకర్, ఫ్రీడ్‌మన్, ఫెలైసన్, డూబా దీనికి దారి చూపారు. 2016లో మాథ్యూ ఫ్లాట్ ప్రతి పేరుకూ కొన్ని స్కోపుల్ని జతచేసే పద్ధతిని వివరించారు. రాకెట్ భాష దాన్నే వాడుతోంది. అక్కడ మాక్రో మాడ్యూల్ దాటినా, దానిలోని పేరు తన సొంత మాడ్యూల్‌నే చూస్తుంది.

రస్ట్ భాషలో మామూలు మాక్రోలు లోకల్ వేరియబుల్స్‌ని కాపాడతాయి గానీ, ఫంక్షన్ల పేర్లను మాక్రో వాడినచోటే వెతుకుతాయి. అందుకే బయటికిచ్చే మాక్రోలో సొంత ఫంక్షన్ల పేర్ల ముందు ‘డాలర్ క్రేట్’ రాయాలి.

మాక్రోలు రాసే మిత్రులారా, మన కోడ్ లోపలి పేర్లు తెలుసుకునే పని వాడేవాళ్లకు పెట్టకండి. ఆ బాధ్యత మనదే.