హిరోషిమా యట్టు

హిరోషిమా యను పేరు వినినంతనే మనకు స్ఫురించునది 1945వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీ యొక్కటే. నే నా పట్టణమునకు పోయి వచ్చితినని తెలిసి మా యింటికి వచ్చిన స్త్రీలందఱును బాంబును గూర్చియే యడిగిరి గాని, అక్కడివా రేమి వండుకొందురని యొక్కరును అడుగలేదు. అడుగకుండుట సహజమే. అయినను, సోదరీమణులారా, ఆ యూరిని మరల నిలువబెట్టినవారిలో పెనము ముందు నిలుచున్న యాడువారు పెక్కురు గలరు. వారి చేతి యట్టును విడిచి ఆ యూరిని గూర్చి వ్రాసినచో సగమే వ్రాసినట్లగును.

మా అమ్మాయి ఒసాకా నగరమున నుద్యోగము చేయుచున్నది. నిరుడు జూలై నెలలో నేనామెను చూడబోయినపుడు ఇద్దఱమును కలిసి హిరోషిమాకు ప్రయాణమైతిమి. షింకాన్‌సెన్ అను వేగపు రైలులో గంటన్నర. అక్కడినుండి ట్రాము. ఓటా యను నది పాయలుగా చీలి సముద్రమున గలియుచోట ఆ పట్టణ మున్నది గనుక ఎటు పోయినను వంతెన దాటవలసినదే. మన కోనసీమవారికి ఆ యూరి పోలిక సులభముగా తెలియును.

మోటోయాసు నది యొడ్డున, పైకప్పు లేక ఇనుప కమ్ములు మాత్రమే విఱిగిన గొడుగు కాడలవలె మిగిలిన గోపుర మొకటి కనబడును. చెక్ దేశీయుడైన యాన్ లెట్జెల్ అను శిల్పి రూపకల్పన చేయగా 1915లో కట్టిన వస్తుప్రదర్శనశాల యది. బాంబు ఇంచుమించు దాని నెత్తిమీదనే, 600 మీటర్ల యెత్తున పేలినది. దెబ్బ పైనుండి తగులుటచే గోడలు కొన్ని నిలిచినవి. లోపలనున్న మనుష్యులలో ఒక్కరును మిగులలేదు. ఆ సంవత్సరాంతమునకు ఊరిలో చనిపోయినవారు ఇంచుమించు 1,40,000 మంది యని లెక్క. ఇవి మనము పుస్తకములలో చదివిన మాటలే.

మ్యూజియములో నన్ను నిలువరించినది ఇంతకంటె మిక్కిలి చిన్న వస్తువు, ఒక భోజనపు డబ్బా. అది ఒరిమెన్ షిగేరు అను పదుమూడేండ్ల బాలునిది. మంటలు వ్యాపింపకుండ ఇండ్లు పడగొట్టి వీధులు వెడల్పుచేయు పనికి ఆ దినములలో బడిపిల్లలను పంపుచుండిరి. తల్లి కట్టియిచ్చిన డబ్బాను తెఱవకమునుపే బాంబు పడినది. తల్లియే వెదకుకొనుచు పోయి కొడుకు శరీరమును కనుగొన్నపుడు డబ్బా వాని కడుపుక్రింద నుండెను. లోనిది నల్లని బొగ్గైపోయినది. నేటికిని అట్లే యున్నది. బాంబు పడినది ఉదయము ఎనిమిది గంటల పదునైదు నిమిషములకు. ఇంచుమించు ఆ వేళకే పిల్లల కారియరు మూత బిగించి బడికి పంపు మనకు ఆ డబ్బాముందు వేఱొకరు వివరింప నక్కఱలేదు.

వెలుపలికి వచ్చినపుడు గన్నేరులు విరగబూసి యున్నవి. మన పెరళ్లలో శివపూజకు కోయు గన్నేరే. బాంబు పడిన పిమ్మట డెబ్బదియైదేండ్లవఱకు ఆ నేలపై గడ్డియైన మొలవదని ప్రజలు చెప్పుకొనిరట. ఆ బూడిదలో తొట్టతొలుత పూచిన పూలలో గన్నేరొకటి యగుటచే దానినే ఆ పట్టణపు పుష్పముగా స్వీకరించిరి.

మధ్యాహ్నమైనది, భోజనము చేయుదమని అమ్మాయి యనినది. నాకు మనసొప్పలేదు. ఆ డబ్బాను చూచిన కన్నులతో విస్తరిని చూచుట యెట్లు? అమ్మాయి వాదింపక, ఒక సందులోనికి తీసికొనిపోయినది. అక్కడ ఒక ఇంటి ముందుగది యంతయు ఒకే ఇనుప పెనము. దాని చుట్టును ఎత్తుపీటలు. పెనమునకు ఆవల డెబ్బదియేండ్లు దాటిన ఒక ముసలమ్మ. అమ్మాయి ద్వారమున నేను తెలిసికొనినదేమనగా, ఆ యంగడిని పెట్టినది ఆమె యత్తగారు. భర్తను యుద్ధమున గోల్పోయి, ఒక్క కొడుకును పెట్టుకొని, వీథి గదిలో పెనము వేసి బ్రతికినదట. ఆమె పిమ్మట పెనము కోడలికి వచ్చినది. మన యిండ్లలో కోడలికి నగలో తాళపుచెవులో వచ్చును. అక్కడ పెనము వచ్చినది.

ఇది ఆ యొక్క యింటి కథ మాత్రమే కాదు. యుద్ధమునకు పూర్వము జపానులో పిల్లలు కొనుక్కొను పలుచని పిండి యట్టొకటి యుండెడిది. దానిని ఒక్క సేను వెలగల దొరల భోజనమని పరిహాసముగా పిలుచుచుండిరి. యుద్ధానంతరము బియ్యము దొరకలేదు. అమెరికావారు పంపిన గోధుమపిండి దొరకినది. వీథివైపు గది యొకటి, ఇనుప రేకొకటి యున్నచో చాలు, దిక్కులేని స్త్రీకి జీవనోపాధి యయ్యెను. పిల్లల చిరుతిండి పెద్దల భోజనమైనది ఆ విధముననే. నేటికిని ఆ యూర ననేకములైన యంగళ్ల పేళ్లు చాన్ అను ముద్దుపలుకుతో ముగియును. మన చిన్ని, అమ్మడు వంటి పిలుపది. యుద్ధమునుండి తిరిగివచ్చు భర్తయో బిడ్డయో పేరు చూచి గుర్తుపట్టుదురను నాసతో స్త్రీలు తమ ముద్దుపేళ్లనే అంగళ్లకు పెట్టుకొనిరని అక్కడివారు చెప్పుకొందురు. మగవారును ఈ వృత్తిలో లేకపోలేదు. 1950లో మొదలైన మిచ్చాన్ అను పేరుపొందిన యంగడి మగవారు పెట్టినదే. షింతెంచి యను చోట బండ్లపై అమ్మిన వారిలో కొందఱు పిమ్మట ఒక భవనములోనికి చేరిరి. దానిని ఒకొనోమిమురా, అనగా అట్ల పల్లె, యందురు. అంతస్తు లెక్కిన కొలదియు అట్టంగళ్లే.

ఒకొనోమియాకి యనగా ఇష్టమైనవి వేసి కాల్చినదని యర్థము. ముసలమ్మ చేసిన విధము మన గృహిణులు చూడదగినది. మొదట గోధుమపిండి జారుగా కలిపి, గరిటెడు పెనముపై పోసి, దోసెవలె పలుచగా త్రిప్పినది. దానిపై ఎండుచేపల పొడి చిటికెడు. తరువాత సన్నగా తఱిగిన క్యాబేజి, ఊరక వేయుట కాదు, రెండు దోసిళ్ల గుట్ట! దానిపై మొలకలు, వేయించిన పిండి పలుకులు, పందిమాంసపు పలుచని ముక్కలు. అన్నియు అంటుకొనుటకు మరల కొంచెము పిండి చిలకరించి, రెండు అట్లకాడలతో ఒక్క విసురున తిరుగవేసినది. ఇక్కడనే కిటుకున్నది. పైనున్న మాంసము పెనమునకు చేరి వేగును. అడుగున నున్న పలుచని అట్టు పైకి వచ్చి మూతయై ఆవిరిని పట్టి యుంచును. నడుమ క్యాబేజి తన నీటిలోనే మగ్గి తీయనై, గుట్ట సగమునకు కుంగును. వెంటనే నొక్కరాదు, నొక్కినచో నీరు దిగి అట్టు మెత్తబడును. ఆలోపల ప్రక్కన సేమియాకంటె లావైన గోధుమ నూడిల్సును వేయించి, అట్టును ఎత్తి వానిపై పెట్టినది. చివఱకు ఒక కోడిగ్రుడ్డును పెనముపై పగులగొట్టి గుండ్రముగా పఱచి, మొత్తమును దానిపైకి చేర్చి త్రిప్పినది. పైన చిక్కని నల్లని తీపి పులుసు, సముద్రపు నాచు పొడి. పలుచని సాసు అట్టుపై నిలువక జారిపోవుచుండగా, ఆ యూరి ఒటఫుకు అను పులుసుల వారు 1952లో ఈ చిక్కని సాసును అమ్ముట ప్రారంభించిరి. నేడందులో ఖర్జూరపు పండ్లును పడును.

ఒసాకావారు అన్నిటిని పిండిలోనే కలిపి దళసరిగా కాల్తురు. మా అమ్మాయి ఒసాకా పక్షపాతిని; ఈ విషయమున ఇరువురకును రైలులోనే వాదమైనది. నా తీర్పు అడిగినచో, ఒసాకాది దిబ్బరొట్టె, హిరోషిమాది ఉప్మా పెట్టిన పెసరట్టు. దేనికిది రుచియే. కాని పొరపొరకు వేఱు రుచి తెలియుట రెండవదానిలోనే.

నేను శాకాహారిని గనుక అమ్మాయి తినినది చూచి చెప్పిన మాట లివి. నా కొఱకు ముసలమ్మ పెనము ఒక మూలను గీకి, శుభ్రముగా తుడిచి, మాంసము, గ్రుడ్డు, చేపల పొడి విడిచి, ఉప్పును సోయా రసమును మాత్రమే వేసి యిచ్చినది. పోవు సోదరీమణులు గుర్తుంచుకొనవలసిన దొకటి గలదు. మాంసము వలదనుట చాలదు. చేపల పొడియు వలదని చెప్పవలెను. సాసులోను మాంసపు సారము కలియవచ్చును. ఈ మాటలను జపాను లిపిలో వ్రాయించుకొని పోవుట మేలు. శాకాహారులకు వేఱుగా చేయు అంగళ్లును ఇప్పుడు కొన్ని యున్నవి.

పళ్లెము లేదు, పెనముమీదనే చిన్న అట్లకాడతో కోసికొని తినవలెను. మొదటి ముక్క నోట బెట్టుకొనువఱకు నాకు సంశయమే. ముసలమ్మ నా వంక చూచుచు, చల్లారకముందే తినుమని చేతితో సైగచేసినది. ఆకలిగొన్నవారిని చూచు చూపది. ఏ దేశమందైనను తెలియును. నేను మొత్తము తింటిని.

సాయంకాలము మియాజిమా రేవునకు ట్రాములో పోతిమి. ఈ ట్రాములకును ఒక కథ గలదు. మగవారు యుద్ధమునకు పోగా, 1943లో ట్రాము కంపెనీవారు బాలికల పాఠశాల నొకటి పెట్టి, పదునాలుగు పదునైదేండ్ల పిల్లలకు చదువుతోపాటు ట్రాము నడుపుట నేర్పిరి. బాంబు పడిన మూడవనాడే, ఆగస్టు 9న, కొంతమేర ట్రాము మరల నడచినది. ఆ పనిలోను బాలికలు పాల్గొనిరి. యుద్ధము ముగిసినంతనే ఆ పాఠశాలను మూసివేసిరి. మగవారు తిరిగివచ్చిరి గదా!

రేవునుండి మియాజిమా ద్వీపమునకు ఓడలో పది నిమిషములు. సముద్రములో నిలిచిన ఎఱ్ఱని తోరణము 1875 నాటిది, 16 మీటర్ల యెత్తు; పునాదిలో పాతక తన బరువుననే నిలుచుట వింత. జింకలు వీథులలో మన యూళ్ల ఆవులవలె తిరుగుచు చేతిలోని కాగితములను లాగుకొనును. అక్కడి దైగన్‌జీ ఆలయమున వెలసిన బెన్జాయితెన్ మఱెవ్వరో కాదు, మన సరస్వతీదేవియే. బౌద్ధముతోపాటు చీనామీదుగా ఆ దేశమునకు చేరినది. చేత వీణకు బదులు బివా యను తంత్రీవాద్యము. పూర్వమొక సన్న్యాసి కలలో ఈ దేవిని చూచి, ఆమె వాద్యపు ఆకారమున అన్నము వడ్డించు కొయ్య హస్తమును చెక్కెనని ప్రతీతి. ద్వీపమంతయు ఆ హస్తములే. అంగళ్ల వీథిలో 7.7 మీటర్ల పొడవుగలది యొకటి ప్రదర్శనకు పెట్టిరి.

మాకు పనికివచ్చునంతటి దొకటి కొని తెచ్చితిని. కొయ్యది గనుక వడ్డించుటకు ముందు ఒకసారి చన్నీట ముంచవలెను. అటుపిమ్మట మెతుకు అంటదు.