పొరుగింటి రవిక

స్థూలకాయమునకుఁ దోడు మధుమేహమును, రాత్రులందు ఛాతిమంటయు మమ్ము వేధించుచుండెను. పథ్యమువలనను, నడకవలనను తగిన ఫలము గానక శస్త్రచికిత్సకు సిద్ధపడితిమి. మా యాఁడుబిడ్డ స్లీవు చేయించుకొని సన్నబడుటచే మేమును దానినే కోరితిమి.

డాక్టరుగారు మొదట మా ఛాతిమంటనుగూర్చి యడిగిరి. స్లీవునందు జీర్ణాశయమున నూటికి 80 పాళ్లవఱకుఁ గోసి తీసివేయుదురు, పోయినది మరల రాదు, ఛాతిమంట హెచ్చవచ్చును. బైపాసునందు జీర్ణాశయపు పైభాగమును చిన్న సంచిగాఁ జేసి చిన్నప్రేవునకుఁ గలుపుదురు. మంట సాధారణముగాఁ దగ్గును, మధుమేహమునకును మేలు. మాత్రలు రెంటికిని గలవు గాని, బైపాసైనవారు ఇనుము, సున్నము, బి12 యావజ్జీవము మానరాదు.

“మాత్రలు మఱచెదవేమో!” యని మావారు శంకించిరి. నిత్యము తులసికి నీరు పోయుట మఱవని మేము మాత్రలు మఱతుమా? బైపాసునే యెంచుకొంటిమి.

ఎనిమిది నెలలైనది. రాత్రులు సుఖముగా నిద్రించుచున్నాము. పండుగనాఁడు రెండవ బూరె తిన్నచో గుండెదడ పుట్టును. ఆ కొఱఁత యున్నది.

పొరుగింటి చీర యెరువు తెచ్చి కట్టవచ్చును. రవిక మాత్రము మన కొలతకే కుట్టవలెను. ఈ చికిత్సయు నట్టిదే. మీ రోగములన్నియు వైద్యులకుఁ జెప్పి, పిదప నెంచుకొనుఁడు.