కొండదారికి తగిన బండి

విశాఖపట్టణమునుండి అరకులోయకు పోవు దారి సుమారు 115 కిలోమీటర్లుండును. అందులో శృంగవరపుకోటవరకు గల భాగము దాదాపు సమతలము. పొలములను, జీడిమామిడి తోటలను, తాటిచెట్ల వరుసలను చూచుచు బస్సులో కునుకు తీయువారు తీయవచ్చును. కోట దాటి కొంతదూరము పోయినపిమ్మట ఘాటురోడ్డు మొదలగును. అప్పటినుండి కునుకన్నది కుదరదు. ఒక మలుపులో కుడిచేతివైపు కనబడిన లోయ మరుమలుపులో ఎడమచేతివైపునకు వచ్చును. త్యాడ దాటినపిదప గాలి చల్లబడును. అనంతగిరి సమీపించుకొలది సిల్వర్ ఓకు చెట్లనీడలో కాఫీతోటలును, ఆ చెట్లకు అల్లుకొన్న మిరియపు తీగెలును కానవచ్చును. ఈ కొండలలోనే గోస్తనీనది పుట్టి, బొర్రాగుహలగుండ ప్రవహించి, మైదానమునకు దిగి, భీమునిపట్టణమువద్ద సముద్రములో కలియుచున్నది.

ఈ దారిని వర్ణించినవారు పెక్కురు గలరు. వారెల్లరును ఒకనాడు పోయి, కాఫీ త్రాగి, గుహలు చూచి, మరునాడు తిరిగి వచ్చినవారు. నేను వ్రాయబూనినది ఆ దారిని దినదినమును పోయి రావలసిన యొక ఆడపిల్లకు తగిన బండికొరకు మేము మూడు వారములు తిరిగిన సంగతి.

ఆమె మా అన్నగారి కుమార్తె, ఉపాధ్యాయిని. కాపురము శృంగవరపుకోటలో; బడి ఘాటుపైన ఒక చిన్న పల్లెలో. బస్సు దిగి అయిదు కిలోమీటర్లు మట్టిబాటను నడువవలెను. పోయిన శ్రావణమాసమున సాయంకాలపు చివరి బస్సు రెండుమారులు రాకపోగా, రెండు రాత్రులును ఒక కాఫీతోట కూలివారి యింట తలదాచుకొన్నది. వారు ఆదరముతో అన్నము పెట్టిరి. కాని ఫోనుకు సిగ్నలు లేక, కోటలో మా వదినకు ఆ రెండు రాత్రులును తెల్లవార్లు జాగరణమే అయ్యెను. "ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చేయ్" అని అన్నగారు. "పోనీ, స్కూటర్ కొనుక్కోవే" అని వదిన. పిల్లమాత్రము మోటారు సైకిలే కావలెనని పట్టుపట్టెను. నేను మధ్యవర్తినై విశాఖకు పోయితిని.

సోదరీమణులలో పలువురు "స్కూటరు చాలదా?" యని అడుగుదురు. పట్టణమున సంతకు, బడికి, బ్యాంకునకు పోయి వచ్చువారికి నేనును స్కూటరునే చెప్పుదును. చీరెకట్టుతో ఎక్కవచ్చును, కాళ్లవద్ద సంచి పెట్టుకొనవచ్చును, గేర్ల బాధ లేదు. కాని దాని చక్రములు సామాన్యముగా 10 లేక 12 అంగుళములవి. మోటారు సైకిలు చక్రములు 17 లేక 18 అంగుళములవి. చిన్న చక్రము పడిపోవు గోతిని పెద్ద చక్రము దాటిపోవును. ఆ అయిదు కిలోమీటర్ల మట్టిబాటను చూచినవారికి ఈ భేదమును వేరుగ చెప్పనక్కరలేదు. అంతకంటె ముఖ్యమైనది దిగుడు. గేర్ల బండిని రెండవ గేరులో దించినచో ఇంజనే బండిని వెనుకకు పట్టి యుంచును. గేర్లులేని బండిలో ఆ పట్టు స్వల్పము. భారమంతయు బ్రేకులమీద పడును. ఎడతెగక నొక్కిన బ్రేకు వేడెక్కి పట్టు సడలును. కొండ దిగునపుడు ఇది చిన్న విషయము కాదు.

లైసెన్సు సంగతి ముందుగనే విచారించితిమి. ఆమెకున్నది గేర్లులేని బండ్లకు మాత్రము చెల్లునది. గేర్ల బండికి వేరుగ అభ్యాసపు లైసెన్సు తీసికొని, 30 దినములు గడచినపిమ్మట పరీక్షకు పోవలెను. అభ్యాసపు లైసెన్సు ఆరు నెలలు చెల్లును. "స్కూటరు లైసెన్సు ఉన్నది గదా" యని గేర్ల బండి నడపువారు ప్రమాదము జరిగిననాడు బీమా కంపెనీతో చిక్కులు పడుదురు.

మొదట పోయిన దుకాణములోని యువకుడు మమ్ము చూడగనే గులాబిరంగు స్కూటరువద్దకు తీసికొనిపోయెను. మోటారు సైకిలని చెప్పినపిమ్మట మా అన్నగారివైపు తిరిగి ఆయనతోనే మాటలాడసాగెను. పిల్ల మైలేజీ అడిగిన అన్నగారికి జవాబు. బ్రేకులనుగూర్చి అడిగిన అన్నగారికి జవాబు. అన్నగారికి సైకిలు తప్ప మరియొకటి నడప రాదు! రెండవ దుకాణములో ఆమెకే జవాబులు చెప్పిరి గనుక అక్కడ ఒక పూట గడిపితిమి.

పిల్ల మనస్సు బుల్లెట్టుమీద నుండెను. మా నాయనగారికి ఒకటుండెడిది. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ ఏర్పడినది మొదలు ఆ బండి మన దేశమున పోలీసువారికిని, పట్టాదారులకును గౌరవచిహ్నమైనది. నాయనగారి కాలపు బుల్లెట్టులో గేరు కుడికాలికిని, బ్రేకు ఎడమకాలికిని ఉండెడివి. ఇప్పుడు అన్ని బండ్లవలెనే గేరు ఎడమవైపున నున్నది. నేటి బుల్లెట్టు 350 బరువు 195 కిలోలు. సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు. మా పిల్ల ఎత్తు అయిదడుగుల ఒక అంగుళము. ఎక్కి కూర్చుండగా వ్రేళ్లకొనలు మాత్రము నేలకానెను. "అత్తా, కాళ్లు ఆనుతున్నాయి, చూడు" అన్నది. "ఆనితే సరా, వెనక్కి నెట్టు చూద్దాం" అంటిని. దుకాణము ముంగిట కొంచెము ఏటవాలు గలదు. ఆ యేటవాలున బండిని వెనుకకు నెట్టబోయి, నాలుగు పర్యాయములు యత్నించి, ఏమియు పలుకక దిగివచ్చెను. అప్పుడు నేనేమియు అనలేదు. అరగంటసేపు ఆమెయు ఏమియు అనలేదు.

సీటు ఎత్తు తక్కువగనుండిన చాలునని కొందరందురు. అట్లు కాదు. అదే కంపెనీవారి మీటియోర్ 350 సీటు 765 మిల్లీమీటర్ల ఎత్తుననే యున్నది. పాదములు చక్కగా ఆనినవి. కాని దాని బరువు 191 కిలోలు. బురదలో ఒరిగిన బండిని పల్లెబాటలో ఒంటరిగ ఎత్తవలసినది ఆమెయే గదా! మరియొకప్రక్క హీరో స్ప్లెండర్ 112 కిలోలు మాత్రమే. సీటు 785 మిల్లీమీటర్లు. సులువైన బండి, దేశమంతట మరమ్మతు తెలిసినవారు గలరు. సమతల ప్రదేశమున తొలిబండిగ దానిని మించినది అరుదని నా యభిప్రాయము. కాని 100 సీసీల లోపు ఇంజను, వెనుక మనిషితో ఘాటెక్కునపుడు, ఆయాసపడును.

సీటు వెడల్పునుకూడ చూడవలెను. ఎత్తు ఒక్కటే యైనను, ముందుభాగము సన్నగనున్న సీటుపై కాళ్లు నిటారుగ దిగును. వెడల్పైన సీటు తొడలను ఎడమ చేసి పాదములను నేలకు దూరము చేయును. చేతివ్రేళ్లు పొట్టివైనచో క్లచ్చు మీట అందుచున్నదో లేదో చూచుకొనవలెను. హాండిలును రెండుప్రక్కలకును చివరివరకు త్రిప్పి, అవతలి చేయి సాగిలపడకుండునా యని పరీక్షింపవలెను. ఇవన్నియు కాగితములలో నుండవు, కూర్చుండిననే తెలియును.

బ్రేకుల విషయమున మేము రాజీపడలేదు. 2019 ఏప్రిల్ మొదలు మన దేశమున 125 సీసీలకు మించిన కొత్త బండ్లన్నిటికిని ఏబీఎస్ అను ఏర్పాటు ఉండవలెనని నియమము చేసిరి. చిన్నబండ్లకు రెండు బ్రేకులును కలిసి పడు ఏర్పాటు చాలుననిరి. తడిరోడ్డున భయపడి బ్రేకును గట్టిగ నొక్కినపుడు చక్రము బిగిసి జారిపోకుండ ఏబీఎస్ కాపాడును. కొత్తగ నేర్చినవారు భయపడుట సహజము గనుక, ఈ ఏర్పాటు వారికే ఎక్కువ అవసరము. అందుచే 125 సీసీలపైన, 150 కిలోలలోపున అని హద్దు గీచుకొంటిమి.

అన్నగారు ఖర్చునకు జంకి పాతబండి చూతమనిరి. ఆ మాట త్రోసిపుచ్చదగినది కాదు. నేర్చుకొనువారు ఒకటి రెండు పర్యాయములు బండిని పడవేయక మానరు. పాతబండికి గీత పడిన గుండె పగులదు. సముద్రపుటొడ్డున ఒక యింటిలో 2017నాటి బండి చూచితిమి. పైకి తళతళలాడుచుండెను. వంగి చూడగా గొలుసునకు, సైలెన్సరు క్రిందిభాగమునకు, ముందు గొట్టములకు త్రుప్పు. ఉప్పుగాలి చేసిన పని. ఏబీఎస్ లేదు. విశాఖలో పాతబండి కొనువారు పైనుండి గాక క్రిందినుండి చూచుట మంచిది. ఆర్సీలోని ఛాసిస్ నెంబరును బండిమీది నెంబరుతో సరిచూచి, అప్పు తీరినట్లు బ్యాంకు పత్రము చూచి, పేరు మార్పునకు 29, 30 నెంబరు ఫారములపై సంతకములు తీసికొననిదే రూకలు చేతికీయరాదు.

చివరకు 160 సీసీల తరగతిలో ఒక కొత్తబండి కుదిరినది. దాని పేరు వ్రాసి ప్రకటన చేయుట నా యుద్దేశము కాదు. ఆ తరగతిలో మంచివి నాలుగైదు గలవు. బరువు సుమారు 140 కిలోలు. ఒక పాదము పూర్తిగ ఆనుచున్నది. ఏటవాలున వెనుకకు నెట్టగలిగెను. పలకపై వ్రాసిన ధర వేరు, రోడ్డెక్కువరకగు ధర వేరు. రిజిస్ట్రేషను, జీవితకాలపు పన్ను, అయిదేండ్ల మూడవపక్షపు బీమా వచ్చి చేరును. దుకాణమువారు చెప్పిన తళుకు సామానులను పిల్ల వలదని, ఆ సొమ్ముతో ముఖమంతయు కప్పు హెల్మెట్టును, చేతి తొడుగులను కొన్నది. హెల్మెట్టుపై ఐఎస్ఐ ముద్ర ఉండవలెను. పట్టీ బిగించి తల నటునిటు త్రిప్పినపుడు హెల్మెట్టు తలతో కూడ తిరుగవలెనుగాని, తల లోపల తిరుగరాదు.

మా వదినకు మిగిలిన భయమొక్కటి: చీరె చక్రములో చిక్కుకొనునని. అది వట్టి భయము కాదు. 1989నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలోనే వెనుక కూర్చుండువారికి చేపట్టు, కాలిమెట్టు, బట్టలు చిక్కుకొనకుండ వెనుక చక్రమును సగమువరకైన కప్పు అడ్డు ఉండవలెనని యున్నది. దానిని జనులు శారీగార్డందురు. అందము చెడునని మగపిల్లలు దానిని ఊడదీయింతురు. ఊడదీసిన బండిపై చీరె కట్టినవారు ఎక్కకుందురు గాక!

నేర్పిన పుణ్యము మా వదిన తమ్మునిది. మొదటి నాలుగు ఉదయములు ఒక ఖాళీ మైదానమున క్లచ్చు సగము వదలి బండి కదలించుట, ఆపుట, అంతే. అయిదవనాడు నేను బండిని పడుకొనబెట్టించి ఎత్తుమంటిని. ముందు ఇంజను ఆపవలెను. కుడివైపు పడినచో ప్రక్క స్టాండును దింపియుంచవలెను, లేకున్న లేచిన బండి అవతలికి పడును. బండికి వీపు చూపి, గొంతుక్కూర్చుండి, ఒక చేత హాండిలును, ఒక చేత వెనుక కమ్మిని పట్టి, నడుము బలముతో గాక కాళ్ల బలముతో వెనుకకు అడుగులు వేయుచు లేపవలెను. రెండుసార్లు విఫలమై, మూడవసారి లేపినది. అన్నగారి ముఖమున తొలిసారిగ తేటదనము కనబడినది అప్పుడే.

పిమ్మట వారము దినములు తెల్లవారుజామున భీమిలి రోడ్డు. రుషికొండ, తొట్లకొండ, ఎఱ్ఱమట్టి దిబ్బలు దాటి గోస్తని సముద్రములో కలియు చోటివరకు. చూడ సొంపైన దారియేగాని, సముద్రపుగాలి ప్రక్కనుండి త్రోయును. రోడ్డుపైకి కొట్టుకొనివచ్చిన యిసుకమీద చక్రము జారును. ఈ రెంటిని ముందుగ తెలిసికొనుట కొండకు మంచి అభ్యాసమైనది.

2018లో హైదరాబాదునుండి జయభారతి యను ఆర్కిటెక్టు మరి మువ్వురు స్త్రీలతో మోటారు సైకిళ్లపై బయలుదేరి, బర్మా, థాయిలాండు, లావోస్, కంబోడియా, వియత్నాము దేశములు తిరిగి వచ్చిన సంగతి పిల్ల మాకు పలుమార్లు చెప్పినది. మా అన్నగారు విని, "వియత్నాం సంగతి తర్వాత. ముందు అనంతగిరి ఎక్కి దిగు" అనిరి.

ఎక్కినది. మేము కారులో వెనుకనే పోయితిమి. మలుపుమలుపునకు హారను, ఎక్కుడున మూడవ గేరు, రెండవ గేరు. చూపు లోయవైపు గాక మలుపు చివరకు. చూపు ఎటుపోయిన బండి అటే పోవునని ఆమె మామ చెప్పిన మాట మరువలేదు. గాలికొండవద్ద మంచు కమ్మగా దీపము వేసి, వేగము తగ్గించి, ఎడమ అంచున పోయెను. దిగునపుడు ఎదురుగ లారీ ఎక్కివచ్చుచుండెను. ఎక్కువానికి దారి ఈయవలెననునది ఘాటునియమము. మా పిల్ల ముందే ఆగి ఒక పాదము నేలకానించి నిలిచెను. లారీవాడు చేయి యెత్తి పోయెను. కారులో మా వదిన అంతవరకు కన్నులు మూసికొనియే యుండెను.

ఇప్పటికి బండి 2,000 కిలోమీటర్లు దాటినది. వారమునకొకమారు గొలుసు తుడిచి నూనె వేయుట, చక్రముల గాలి చూచుట పిల్ల తానే చేసికొనును. సాయంకాలము అయిదున్నరకు అన్నగారు ఫోను చేయుదురు. బండిమీద నున్నప్పుడు ఆమె ఎత్తదు. ఇంటి మెట్లవద్ద బండి నిలిపి, హెల్మెట్టు తీసి, అప్పుడు తానే తిరిగి చేయును. ఆ ముప్పావుగంట మా అన్నగారు వీథి అరుగుమీదనే కూర్చుందురు.